నీళ్ళరంగు రేకు

మారిగట్‌లో కరెంటు మూడింటికి వస్తుంది, వస్తే.
వచ్చిన రోజు రెండు బొమ్మలు తెరుస్తాను.

ఒకటి జనవరిది, నలుపూ తెలుపూ.
గద్ద చూపు దానిది.
అర మీటరుకో చుక్క;
ముళ్ళ దడి, దడిలో సందు,
సందులోంచి సరస్సు దాకా
మేకల గిట్టలు గీసిన గీత,
వాకిట్లో నీళ్ళ డ్రమ్ము నీడ.
అన్నీ ఉన్నాయి, రంగే తెలీదు.
గడ్డినీ ముళ్ళకంపనీ ఒకే బూడిదలో పొర్లించి లేపుతుంది.

రెండోది ఆగస్టుది. దీనికి చత్వారం.
పది మీటర్లకు ఒక్క గడి,
ఇల్లూ వాకిలీ దొడ్డీ కలిసి ఒక ముద్ద.
అయితేనేం,
మన కంటికి అందని ఎరుపు దీనికి అందుతుంది.
నాడి పట్టే ముసలమ్మలాగా
మొహం ఆనవాలు పట్టదు,
ఒంట్లో ఏముందో మాత్రం చెప్పేస్తుంది:
ఇది గడ్డి, ఇది సర్కారు తుమ్మ.
(ఇక్కడ దాన్ని మథెంగే అంటారు.
కాయల తీపికి మేకల పళ్ళూడిపోయాయి.
పైనుంచి చూస్తే అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉండేది అదే.)

కుంటివాణ్ణి గుడ్డివాడి భుజాన ఎక్కించడం నా ఉద్యోగం.
ముందు మూలలు కలపాలి,
వంతెన మీద వంతెన, పంపుహౌసు మీద పంపుహౌసు.
అర చుక్క జరిగిందా,
పచ్చదనం చెట్టుని వదిలేసి
పక్కన వేరే నడుస్తుంది.

జరగలేదు. మూడుసార్లు చూశాను.
అయినా సలబాని ఒడ్డున ఒక రేకుల ఇల్లు
కత్తితో కోసినట్టు అంచులతో
నీళ్ళరంగులో తేలింది.
రేకు నీళ్ళు. దడి నీళ్ళు. డ్రమ్మూ, దాని నీడా నీళ్ళే.
మునిగిన ఇల్లు కాదు,
సరస్సుని కోసి కట్టినట్టున్న ఇల్లు.

ఫోన్లో ఒట్వోమా నవ్వాడు.
"తేదీలు చూసుకోవద్దా?
మధ్యలో సరస్సు లేచింది కదా.
పారెయ్. ఒకే రోజు తీసిన జత కొందాం."
సరే అన్నాను.

మర్నాడు నసీకు వచ్చింది, నష్టపరిహారం కాగితంతో.
అక్కడ ఇల్లుండేదని రుజువు కావాలిట.
జనవరి బొమ్మ చూపించాను.
"ఎవరిదైనా కావచ్చు," అంది.
ఆగస్టుది చూపించాను.
"ఇది మొసళ్ళది."
పారెయ్యాల్సినది తెరిచాను, ఎందుకో.
లాప్‌టాప్‌ని వెలుతురువైపు తిప్పుకుంది.
చాలాసేపు ఏమీ అనలేదు.

తర్వాత చెప్పింది:
నీళ్ళు తలుపులోంచి రాలేదు,
పొయ్యిలోంచి వచ్చాయి.
ముందు బూడిద తేలింది.
పిల్లలు అది చూసి నవ్వారు.
తెల్లారేసరికి మంచం కోళ్ళు కనపడలేదు.

"రేకులు ఎన్ని కనిపిస్తున్నాయి?"
అంత దగ్గరగా కనపడవు అన్నాను.
"పద్దెనిమిది," అంది. "రెండు ఇంకా అప్పులోనే ఉన్నాయి."

ప్రింటు తీద్దామంటే రంగులు అయిపోయాయి.
నలుపులోనే వచ్చింది ఇల్లు,
మళ్ళీ జనవరి అయిపోయి, ఎవరిదైనా అయిపోయి.
నా జేబులో నీలం పెన్ను అడగకుండానే తీసుకుని
బల్ల మీద వొంగి
తనే దిద్దడం మొదలుపెట్టింది:
రేకు, దడి, డ్రమ్ము,
అంచు దాటకుండా, మెల్లగా,
నా యంత్రం కన్నా ఓపికగా.

ఒక్కచోట దాటింది.
చూపుడువేలంత నీలం, ఖాళీ నేల మీద.
అక్కడేమీ లేదమ్మా, అన్నాను.

ఉందట, మేకల పాక.
జనవరికి ముందే కూలిపోయిందట.